మామిడి తోపు దగ్గర ఆగిపోయే సైకిల్

మెకానిక్ పని నేర్చుకుంటున్న కుర్రవాళ్ళు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, చివరికి అందరూ ఒకటే అడుగుతారు, మీ సర్వీసులో మిమ్మల్ని బాగా ఏడిపించిన బండి ఏది అని. నేను ఏ లారీ ఇంజనో, వరద నీళ్ళు తాగిన మోటారో చెబుతానని ఎదురుచూస్తారు. నేను సైకిల్ అంటాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, పెద్దాయనకు మతిమరుపు మొదలైందనుకుని, కప్పులు కింద పెట్టి లేచిపోతారు. సాంతం వినేవాడు ఒక్కడూ దొరకలేదు కాబట్టి ఇలా రాస్తున్నాను. చదివేవాళ్ళు మధ్యలో లేచిపోయినా నాకు కనబడదు, ఆ సుఖం ఉంది.

మా షాపు చిత్తూరులో, ఐరాలకు వెళ్ళే రోడ్డు మొదట్లో ఉండేది. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసుకునే టూ స్ట్రోక్ మోపెడ్లు, స్కూటర్ల మీద తిరిగిన చెయ్యి నాది. ఆ బండ్లు ఒక్కొక్కటే పాత ఇనుము కొట్టుకు చేరాయి. కొత్త బండ్లకు షోరూముల్లో కంప్యూటరు తగిలించి జబ్బు కనుక్కుంటున్నారు. నా షాపు ముందు ఒకప్పుడు బండి నిలపడానికి చోటు ఉండేది కాదు, తర్వాత తర్వాత కుక్కలు వచ్చి హాయిగా పడుకునేవి.

నాకు ఎడమ పక్క వెల్డింగు షాపు. కుడి పక్క బండ్లకు వైరింగు చేసే ఎలక్ట్రీషియను. ఇద్దరూ పనిమంతులే, కాకపోతే లోకంలోని జబ్బులన్నీ అదురు వల్లే వస్తాయని వెల్డరు నమ్మకం, కరెంటు వల్లే వస్తాయని ఎలక్ట్రీషియను నమ్మకం. ఇంట్లో ఇల్లాలికి తలనొప్పి వచ్చినా ఎర్తింగు సరిగా లేదనే రకం ఆయన. నా దగ్గరికి ఏ బండి వచ్చినా ఇద్దరూ టీ గ్లాసులతో వచ్చి, అడగకుండానే తీర్పు చెప్పి పోయేవారు.

నాకు పని నేర్పిన మేస్త్రీ రెండు సూత్రాలు చెప్పాడు. బండిని ముట్టుకునే ముందు గుడ్డ తీసుకుని పైనుంచి కింది దాకా శుభ్రంగా తుడవాలి, అది మొదటిది. బండి తెచ్చినవాడు చెప్పేది వినకూడదు, ఇంజన్ చెప్పేదే వినాలి, అది రెండోది. పని చేసినన్నాళ్ళూ ఈ రెండూ తప్పకుండా పాటించాను. ఈ కథలో నన్ను వెర్రివాణ్ణి చేసినవి కూడా ఆ రెండే.

షాపు మూసేద్దామా అని ఆలోచిస్తున్న రోజుల్లో ఒక నాదస్వర విద్వాంసుడు సైకిల్ తోసుకుంటూ వచ్చాడు. క్యారియరు మీద అట్టపెట్టె కట్టి ఉంది. సన్నగా, పొడుగ్గా, జరీ అంచు పంచెలో ఉన్నాడు. ఐరాల దాటాక లోపల ఉన్న పల్లె ఆయనది. పెళ్ళిళ్ళకు మేళం పోతాడు. మన వైపు మంచి ముహూర్తాలన్నీ తెల్లవారుజామునే పెడతారు. ఆ వేళకు బస్సు ఉండదు, ఆటోవాడు నిద్ర లేవడు. మోటారు సైకిల్ నడపడం ఆయనకు భయం. అందుకని సైకిలుకు బిగించుకునే ఇంజన్ కిట్టు ఆన్‌లైన్లో తెప్పించుకున్నాడు.

"మేస్త్రీ, దీంట్లో కాయితం ఒగటి ఉండాది. అది ఏ బాసో నాకు దెలీదు. నువ్వు బిగిస్తావని అందురూ సెప్పినారు" అన్నాడు.

పెట్టె విప్పాను. అరచేతిలో పట్టేంత కార్బొరేటరు, చిన్న సైలెన్సరు, గొలుసు, క్లచ్చు వైరు, వేరుశనక్కాయ ఆకారంలో నల్లటి పెట్రోలు ట్యాంకు, దానికి గుండ్రటి తెల్లని మూత. అచ్చమైన టూ స్ట్రోక్ ఇంజన్! నాకు కళ్ళు చెమర్చాయంటే నమ్మండి. ఎన్నాళ్ళకు నా చేతి పనికి తగిన వస్తువు వచ్చింది! కాయితం వైపు కన్నెత్తి చూడకుండా బిగించేశాను. సైకిల్ తొక్కి కాస్త వేగం అందుకున్నాక క్లచ్చు వదిలితే ఇంజన్ టకటకమని అందుకుంది. విద్వాంసుడు రోడ్డు చివరిదాకా పోయి వచ్చి, దిగకుండానే రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టాడు. సైకిల్ పోయి వెల్డరు షాపు గేటుకు తగిలింది. వెల్డరు అప్పుడే అన్నాడు, దీనికి అదురు ఎక్కువగా ఉందని.

మొదటి పెళ్ళికి పోయిన మధ్యాహ్నమే విద్వాంసుడు మళ్ళీ వచ్చాడు, ఈసారి తొక్కుకుంటూ. మొహంలో రక్తం లేదు.

"ఏమైంది సామీ?"

ఆయన అరుగు మీద కూర్చుని, కండువాతో మెడ తుడుచుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "అది పెనుమూరోళ్ళ సంబంధం మేస్త్రీ. పెండ్లికొడుకు నాయన నాకు తెలిసినాయనే, మంచోడు, ఆయన తమ్ముడు ఉండాడే, ఆయన పెండ్లికి కూడా మా మేళమే. ఆ పొద్దు మోహన రాగం వాయించినాను..."

ఏ మాటైనా ఆలాపనతో మొదలుపెట్టే మనిషి ఆయన. అసలు సంగతికి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. నాకు మా మేస్త్రీ రెండో సూత్రం గుర్తొచ్చింది. "సరే సామీ, బండి ఆగింది, అంతే గదా? యాడ ఆగింది?" అని అడ్డం కొట్టాను.

"మామిడి తోపు కాడ."

"చాలు. ఇంక గమ్మునుండు. నేను చూసుకుంటా."

గుడ్డ తీసుకుని సైకిలంతా తుడిచాను. దుమ్ము, పసుపు, ఆయిలు మరకలు అన్నీ పోయి తళతళలాడింది. తర్వాత కార్బొరేటరు విప్పి, గాలి కొట్టి, శుభ్రం చేసి బిగించాను. నేనే ఎక్కి ఆ మామిడి తోపు దాకా పోయి వచ్చాను. ఎక్కడా ఆగలేదు. వారం పది రోజులు ఆయన సంతకూ, చుట్టాల ఇళ్ళకూ తిరిగాడు. ఇంజన్ బంగారంలా నడిచింది.

ఆ తర్వాతి ముహూర్తం రోజున సరిగ్గా ఆ మామిడి తోపు దగ్గరే ఆగిపోయింది.

ఆ పెళ్ళిలో జరిగింది నాకు డోలు వాయించే ఆయన చెప్పాడు. ఆయన విద్వాంసుడి భార్యకు అన్న. బలమైన మనిషి, గొంతు కూడా డోలే. తాళి కట్టే వేళయింది, బావగారి జాడ లేదు. పురోహితుడు గట్టిమేళం గట్టిమేళం అని వేలు ఊపుతున్నాడు. డోలు ఒక్కటే మోగితే పెళ్ళిలా లేదు, దండోరా వేసినట్టుంది. పెళ్ళికూతురి మేనమామ తెలివైనవాడు. సెల్‌ఫోన్లో నాదస్వరం పెట్టి మైకు దగ్గర పట్టుకున్నాడు. డోలాయన పళ్ళు కొరుక్కుంటూ ఆ సెల్‌ఫోనుకు పక్క వాయిద్యం వాయించాడు. సరిగ్గా పెళ్ళికొడుకు మూడో ముడి వేస్తుండగా నాదస్వరం ఆగి, మోకాళ్ళ నొప్పుల నూనె ప్రకటన వచ్చింది. ముత్తైదువలంతా ఆ సెల్‌ఫోను మీదే అక్షింతలు వేసేశారు.

"నా బతుకులో ఇంత మర్యాద పోలేదు మేస్త్రీ" అని డోలాయన నా షాపు ముందు నిలబడి కేకలు వేశాడు. "ఉత్త దినాల్లో బాగా పోతాదంట, ముహూర్తం దినమే నిలిసిపోతాదంట! ఇది ఎవురన్నా నమ్మే మాటేనా? తెల్లార్జామున మొబ్బులో లేయలేక ఇంజన్ మింద తోసేస్తా ఉండాడు."

విద్వాంసుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బావా, నేను అబద్ధం సెప్పే మనిసినా?"

"అయితే ఇను. ఇంగో పెండ్లి కాణిపాకంలోనే ఉండాది. తాళి కట్టే టయానికి నువ్వు ఆడ ఉండాల. లేదంటే నేరుగా గుడికాడికి పోయి, తల మింద నీళ్ళు పోసుకుని, ఇంజనే ఆగింది, నేను నిద్రపోలేదు అని పెమాణం సేసి రా. అప్పుడు నమ్ముతాను. నమ్మినా సరే, ఆ పొద్దుతో మన జత సరి. నేను ఇంగో విద్వాన్‌ని తెచ్చుకుంటాను."

మా చిత్తూరు వైపు కాణిపాకం ప్రమాణం అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. ఆ గుళ్ళో అబద్ధమాడితే దేవుడు వదలడని, ఎంత కొమ్ములు తిరిగినవాడైనా ఆ మాట వినగానే సర్దుకుని కూర్చుంటాడు. నిజం చెప్పేవాడు కూడా ప్రమాణం చేయాల్సి వచ్చిందే అని కుమిలిపోతాడు. విద్వాంసుడికి డోలాయన లేకపోతే మేళం లేదు, మేళం లేకపోతే ఇల్లు గడవదు. అంతకంటే ఎక్కువగా ఆయన్ని బాధించింది అబద్ధాలకోరన్న పేరు. ఇంజన్ బిగించినవాణ్ణి నేను. ఇంజన్ ఆగితే నా చెయ్యి ఆగినట్టే కదా.

కాణిపాకం పెళ్ళి లోపు ఇంకో రెండు ముహూర్తాలు పడ్డాయి. రెండింటికీ డోలాయన ముందు జాగ్రత్తగా వేరే విద్వాంసుణ్ణి మాట్లాడుకున్నాడు. అయినా మనవాడు పట్టు విడవకుండా, మేళానికి పోయినట్టే సైకిలు మీద బయల్దేరాడు, పరీక్ష కోసం. రెండుసార్లూ తోపు దగ్గరే ఆగాడు. రెండోసారి తోపు కావలివాడు పట్టుకుని, "కాయలు కోసే కాలంలోనే నీ బండి నిలిసిపోతా ఉండాదే, సంచి తెచ్చినావా?" అని జేబులు తడిమాడట.

సైకిలు వచ్చినప్పుడల్లా నేను నా పద్ధతి ప్రకారం ముందు గుడ్డతో తుడిచేవాణ్ణి. తర్వాత విప్పేవాణ్ణి. స్పార్కు ప్లగ్గు మార్చాను. పెట్రోల్లో ఆయిలు తగ్గించాను. పెట్రోలు పైపు మార్చాను. ఎలక్ట్రీషియను కాయిలు మార్చాల్సిందే అన్నాడు, మార్చాం. ముహూర్తాల రోజు ఊళ్ళో సీరియలు బల్బులు ఎక్కువ కాబట్టి కరెంటు గుంజేస్తుందేమో అని కూడా అన్నాడు. సైకిలుకూ కరెంటు స్తంభానికీ సంబంధం ఏమిటని అడిగితే, అదే తేల్చాలి అన్నాడు. వెల్డరు ఇంజన్ బిగించిన చోట రెండు పట్టీలు అదనంగా అతికించాడు. బరువు పెరిగింది, అదురు అలాగే ఉంది, ఇంజన్ ఆగడం కూడా అలాగే ఉంది. ప్రతిసారీ నేను తోపు దాకా పోయి వచ్చేవాణ్ణి. నా చేతిలో ఒక్కసారైనా దగ్గలేదు. ఈ సైకిలుకు నా మీద ఏదో కక్ష ఉందని అనుమానం మొదలైంది.

ఒకరోజు విద్వాంసుడు మెల్లిగా అన్నాడు, "మేస్త్రీ, ఒగ మాట. ఆగే ముందు దాని శ్రుతి పైకి పోతాది. కీ అని పైకి ఎక్కి, ఆనేక సచ్చిపోతాది. అప్పుడు నేనేం జేస్తానంటే..."

"శ్రుతీ గిరుతీ నీ వాయిద్యంలో చూసుకో సామీ. ఇది ఇంజను" అన్నాను. ఎంత మంచి మాటను మధ్యలో నరికేశానో అప్పుడు తెలియలేదు. చావబోయే ముందు పెట్రోలు అందని ఇంజన్ అలాగే గొంతు పెంచుతుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. చెప్పింది ఇంజన్ కాదు, మనిషి. కాబట్టి నేను వినలేదు.

కాణిపాకం పెళ్ళి దగ్గరపడేసరికి నాకు ఒకటే దారి కనిపించింది. ఆగితే ఎలా ఆగుతుందో కళ్ళతో చూడాలి. ముందురోజు సాయంత్రం నా పాత మోపెడ్ మీద పానాల సంచీ వేసుకుని విద్వాంసుడి పల్లెకు పోయాను. వెల్డరు, ఎలక్ట్రీషియను కూడా వస్తామన్నారు గానీ, అంత పొద్దున్నే టీ దొరకదని తెలిసి మానుకున్నారు. విద్వాంసుడి భార్య నాకు రాగి సంగటి, పప్పు పులుసు పెట్టింది. కడుపు నిండా తిని పడుకున్నాను.

తెల్లవారుజామున లేచేసరికి ఆమె తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, పళ్ళెంలో పసుపు, కుంకుమ, గంధం, కర్పూరం సర్దుకుని వాకిట్లో నిలబడి ఉంది. సైకిలు ఇంజన్‌కు పూలదండ. హ్యాండిలుకు నిమ్మకాయ.

"ఏమమ్మా ఇంత పూజ?"

"మేళానికి పోయే దినం తప్పకుండా సేస్తానన్నా. ఆ తోపు కాడ ఏందో దిష్టి ఉండాది. మొదటి తూరి బొట్టు పల్సగా పెట్టినాను, నిలిసిపాయ. రెండో తూరి దట్టంగా పెట్టినాను, అయినా నిలిసిపాయ. ఈ తూరి సూడు" అంది.

చూశాను. కొబ్బరి చిప్పలా గుండ్రంగా, తెల్లగా ఉన్న ఆ ట్యాంకు మూత బొట్టు పెట్టడానికే పుట్టినట్టు ఉంది మరి! దాని నిండా గంధంలో పసుపు కలిపి అరంగుళం మందాన మెత్తింది. దాని నడుమ రూపాయి బిళ్ళంత కుంకుమ. నేను చూసి, హారతి తీసుకుని, కళ్ళకద్దుకుని దండం పెట్టాను. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మెకానిక్కును, టూ స్ట్రోక్ ఇంజన్లను నిద్రలో విప్పి బిగించగలవాణ్ణి, ఆ మూతకు భక్తిగా దండం పెట్టాను. తుడిచే గుడ్డ నా సంచీలోనే ఉంది. కానీ అది రిపేరు కాదు, పూజ. పూజ చేసిన బండిని ఎవరు తుడుస్తారు?

బయల్దేరాం. ముందు ఆయన, నాదస్వరం సంచీ వీపుకు కట్టుకుని. వెనక నేను మోపెడ్ మీద. తూర్పు తెల్లబడుతోంది. ఇంజన్ హాయిగా పాడుతోంది. ఐరాల దాటాం. మామిడి తోపు కనిపించింది. నేను చెవి పెట్టి విన్నాను. ఇంజన్ గొంతు కొంచెం పెరిగింది. ఇంకొంచెం పెరిగింది. కీ అని పైస్థాయికి పోయి, రెండు దగ్గులు దగ్గి, ఆగిపోయింది. కావలివాడు తోపులోంచి టార్చి వేశాడు.

"సూసినావా మేస్త్రీ!" విద్వాంసుడు ఏడుపు గొంతుతో అన్నాడు. దిగి, అలవాటుగా, పెట్రోలు ఉందో లేదో చూడటానికి ట్యాంకు మూత తిప్పాడు.

ఉస్... అని చప్పుడు. ట్యాంకు లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు.

నేను మోపెడ్ స్టాండు వేయడం కూడా మరిచి ఆయన దగ్గరికి ఉరికాను. "సామీ, మూత తీస్తే ప్రతిసారీ ఇట్ల చప్పుడు వస్తాదా?"

"వస్తాది గదా. మూత తీసి, చూసి, పెట్టి, తొక్కితే మళ్ళా పట్టుకుంటాది. కొంచిం దూరం పోయి మళ్ళా నిలిసిపోతాది. అదే నీకు సెప్పాలని మొదటి దినం నుంచి సూస్తా ఉండాను. పెనుమూరోళ్ళ కాడే నన్ను ఆపేస్తివి."

పిల్లలూ, ఇక్కడ ఒక్క ముక్క పని సంగతి చెప్పాలి. ట్యాంకులోంచి పెట్రోలు కిందికి దిగాలంటే, దాని చోటులోకి పైనుంచి గాలి రావాలి. అందుకని మూత నడుమ సూది మొన పట్టేంత బెజ్జం ఉంటుంది. అది మూసుకుపోతే కొంత దూరం పోయాక పెట్రోలు దిగడం ఆగిపోతుంది. ఇంజన్ ఆకలితో అరిచి చస్తుంది. విద్వాంసుడి ఇల్లాలు ముహూర్తం నాడు ఆ బెజ్జం మీద గంధం మెత్తుతోంది. నేను షాపులో మొట్టమొదటి పనిగా దాన్ని శుభ్రంగా తుడిచేసి, ఆ తర్వాత జబ్బు ఎక్కడుందా అని వెతుకుతున్నాను. జబ్బు నా గుడ్డలో ఉంది.

మూత తీసుకుని వేలితో గీకాను. పైన ఉన్నది వచ్చింది గానీ, ఈసారి అంత మందాన మెత్తడంతో బెజ్జంలోకి దిగిన గంధం రాయిలా గట్టిపడింది. నా సంచీలో అన్ని సైజుల స్పానర్లూ ఉన్నాయి, ఒక సూది లేదు. విద్వాంసుడు మూత లాక్కుని నోటికి ఆనించి బలంగా ఊదాడు. నాదస్వరం ఊదే ఊపిరి అది, ఆషామాషీది కాదు. బెజ్జం కదల్లేదు గానీ పసుపు, కుంకుమ ఎగిరి ఆయన మొహమంతా పడ్డాయి, సగం నా మొహం మీద పడ్డాయి. కావలివాడు టార్చి వెలుగులో మా ఇద్దరినీ చూసి రెండు అడుగులు వెనక్కి వేశాడు.

"ఆగు మేస్త్రీ" అని విద్వాంసుడు వీపు మీది సంచీ విప్పాడు. నాదస్వరం కొసకు దారంతో వేలాడే, నోట పెట్టుకుని ఊదే అదనపు పీకలు, వాటి పక్కనే కొమ్ముతో చేసిన సన్నటి పుల్ల. పీకలో తడి, మలినం చేరితే శుభ్రం చేసుకునేది. ఆ పుల్లను బెజ్జంలో పెట్టి, కళ్ళు మూసుకుని, పీకను ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా తిప్పాడు. గంధం ముక్క ఊడి బయటికి వచ్చింది. మూతను ఆకాశం వైపు ఎత్తి చూశాం. బెజ్జంలోంచి తెల్లవారుతున్న వెలుగు చుక్కలా కనిపించింది. నా జీవితంలో అంత అందమైన బెజ్జం చూడలేదు.

ఆయన పడీ పడీ నవ్వడం మొదలుపెట్టాడు. "మేము నాదస్వరానికి కింద ఉండే బొక్కల్ని మైనంతో మూసి శ్రుతి సేసుకుంటాం మేస్త్రీ. మా ఇంట్లో ఆమె ఇంజన్‌కి శ్రుతి సేసింది."

"నవ్వింది సాలు, ఎక్కు!" అని అరిచాను.

ఆ తర్వాత ఇంజన్ ఎక్కడా ఆగలేదు. కాణిపాకం చేరేసరికి మండపం నిండా జనం. లోపలినుంచి డోలు ఒంటరిగా వినిపిస్తోంది. అందులో కోపం స్పష్టంగా తెలుస్తోంది. విద్వాంసుడు సైకిలును నా మీదికి తోసి, పరుగున మెట్లెక్కి, నడుస్తూనే పీక బిగించి, వేదిక మీదికి పోయాడు. పురోహితుడు వేలు ఎత్తాడు. గట్టిమేళం! ఆ నాదస్వరం ఒక్కసారిగా లేచింది చూడండి, మండపం పైకప్పు రేకులు కూడా పలికాయి. తాళి కట్టారు. అక్షింతలు ఈసారి పెళ్ళికూతురి మీదే పడ్డాయి.

ఎవరూ పెళ్ళికొడుకును చూడటం లేదన్నది వేరే సంగతి. మూతి, ముక్కు, కనుబొమలు అన్నీ పసుపు కుంకుమలతో నిండిన విద్వాంసుణ్ణే చూస్తున్నారు. ఒక ముసలమ్మ చేతులు జోడించి, "స్వామి దర్సనం సేసుకుని వచ్చినాడు, పున్యాత్ముడు" అంది. నా మొహం చూసి నాకూ దండం పెట్టింది. వద్దనడం బాగుండదని దీవించాను.

భోజనాల దగ్గర డోలాయన మా ఎదురుగా కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాను. నమ్మలేదు. "బొట్టు పెడితే ఇంజన్ నిలిసిపోతాదా? మీరిద్దురూ మాట్లాడుకుని వచ్చినారు."

"గుడి పక్కనే ఉండాది. పెమాణం చేయమంటే చేస్తా. కానీ ఈ పాయసం అయినాక" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు, బావ మొహం చూశాడు, డోలులాంటి నవ్వు నవ్వాడు. తన విస్తరిలోని బూరె తీసి బావ విస్తరిలో వేశాడు. "తప్పుగా మాట్లాడినాను బావా. ఇంగ నువ్వు పెమాణం మాట ఎత్తొద్దు, నేనూ ఎత్తను" అన్నాడు. విద్వాంసుడు ఆ బూరెను సగం చేసి సగం తిరిగి ఆయన విస్తరిలో పెట్టాడు. నాకెవరూ బూరె పెట్టలేదు, అడిగి వేయించుకున్నాను.

ఇక మిగిలింది ఒకటే. ఆ ఇల్లాలికి చెప్పాలి. మొగుడు నేను చెప్పలేనన్నాడు. డోలాయన, నాకు చెల్లెలంటే భయం అన్నాడు. చివరికి బెజ్జం కనిపెట్టినవాడివి నువ్వే అని నన్ను ముందుకు తోశారు. వాకిట్లో నిలబడి ఎంత మెల్లిగా చెప్పాలో అంత మెల్లిగా చెప్పాను. "అమ్మా, బొట్టు పెట్టొద్దనడం లేదు. ఆ మూతకు ఊపిరాడే చోటు ఉండాది. అది ఇడిసిపెట్టి పెట్టు."

ఆమె మొహం ముడుచుకుపోయింది. "అంటే ఇన్నాళ్ళూ నేనేనా నిలిపింది? నిలిసినప్పుడల్లా ఇంకా దట్టంగా పెడితినే!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందేమోనని ముగ్గురం కంగారుపడ్డాం. కొంగు తీసేసరికి ఆమె నవ్వుతోంది. "అన్నా, నువ్వు కూడా దానికి దండం పెట్టినావు గదా!" అంది.

అప్పటినుంచి ఆమె గంధాన్ని మూత చుట్టూ వలయంగా పెట్టి, నడుమ బెజ్జం మీద అగ్గిపుల్ల నిలిపి, పూజయ్యాక పుల్ల తీసేది. ఇంజన్ ఇంకెప్పుడూ తోపు దగ్గర ఆగలేదు. కావలివాడు మాత్రం విద్వాంసుడు అటు పోతున్నప్పుడల్లా టార్చి వేస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత నేను ఇంకొన్నాళ్ళే షాపు నడిపాను. కళ్ళు మసకబారాయి, వేళ్ళు బిగుసుకుపోతున్నాయి. పానాలను ఎలక్ట్రీషియను కొడుకుకు ఇచ్చేసి, ఒక శుక్రవారం షాపు మూసేశాను. ఊరికే షట్టరు దించి ఇంటికి పోదామనుకున్నాను. వెల్డరు ఎవరికి చెప్పాడో ఏమో, ఆ ఇంజన్ సైకిల్ టకటకమంటూ వచ్చింది. వెనక క్యారియరు మీద ఇల్లాలు, ఒళ్ళో పళ్ళెం. డోలాయన బస్సులో వచ్చాడు. ఖాళీ షాపు ముందు, ఎండలో, కుక్కలు లేచి పక్కకు తప్పుకోగా, ఇద్దరూ కాసేపు వాయించారు. వెల్డరు మిషను ఆపేశాడు. నేను దేనికో వంగినట్టు వంగి కళ్ళు తుడుచుకున్నాను.

షట్టరు దించి తాళం వేశాను. ఆమె ముందుకు వచ్చి ఆ తాళానికి పసుపు రాసింది. కుంకుమ తీసి, ఎంతో జాగ్రత్తగా, తాళం చెవి దూరే బెజ్జం చుట్టూ బొట్టు పెట్టింది.

"బొక్క మూయలేదన్నా" అంది. "మళ్ళా తెరవాలనిపిస్తే తెరుసుకో."

తాళంచెవి ఇప్పటికీ నా జేబులోనే ఉంది.